అమెరికా రాష్ట్రాలలో తెల్లతల గ్రద్దల సంరక్షణ

'''అమెరికా రాష్ట్రాలలో తెల్లతల గ్రద్దల సంరక్షణ''' అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల జాతీయ పక్షి అయిన తెల్లతల గ్రద్ద (బాల్డ్ ఈగిల్) సంతతిని కాపాడుటకు, పెంచుటకు, లెక్కించుటకు ఆయా రాష్ట్ర ప్రభుత్వాల వన్యప్రాణి శాఖలు చేపట్టిన కార్యక్రమాల సముదాయం. అలాస్కా, హవాయి మినహా మిగిలిన 48 రాష్ట్రాలలో 1963 నాటికి గూడు కట్టే జంటలు 500 కంటె తక్కువకు పడిపోయినవి. 2018-19 సర్వే ఆధారంగా 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం అదే ప్రాంతంలో 71,467 గూటి స్థావరాలు, సుమారు 3,16,700 పక్షులు ఉన్నవి. ఈ పునరుద్ధరణకు డీడీటీ నిషేధం, సమాఖ్య (ఫెడరల్) చట్టాలు ముఖ్య కారణాలు. అయితే పక్షులను తిరిగి ప్రవేశపెట్టడం, గూళ్ళకు కాపలా, భూ యజమానులతో ఒప్పందాలు వంటి క్షేత్రస్థాయి పనులలో అధిక భాగం రాష్ట్రాలే చేపట్టినవి.

== పక్షి పరిచయం ==

తెల్లతల గ్రద్ద శాస్త్రీయ నామం ''హేలియేటస్ ల్యూకోసెఫాలస్''. గ్రీకు భాషలో దీని అర్థం "తెల్లని తల గల సముద్రపు గ్రద్ద". 1766లో లిన్నేయస్ ఈ జాతిని వర్ణించెను. ఆంగ్ల నామంలోని "బాల్డ్" అను పదానికి ఇక్కడ బట్టతల అని అర్థం కాదు. తెల్లని మచ్చ కలది అను పాత అర్థంలో ఆ పదం వాడబడినది. ఈ పక్షి తలపై ఈకలు దట్టంగానే ఉండును.

తెలుగునాట చెరువుల వద్ద, సముద్ర తీరంలో కనిపించే గరుడ పక్షికి కూడా తల, రొమ్ము తెల్లగా ఉండుట వలన చిత్రాలలో ఈ రెండింటినీ పొరబడుట కలదు. గరుడ పక్షి ఇటుక రంగు రెక్కలు గల చిన్న పక్షి. తెల్లతల గ్రద్ద శరీరం ముదురు గోధుమ రంగులో ఉండి, రెక్కలు చాచినపుడు 1.8 నుండి 2.3 మీటర్ల వరకు ఉండును. బరువు 3 నుండి 6 కిలోల పైచిలుకు. ఆడ పక్షి మగదానికంటె పెద్దది.

సంరక్షణకు సంబంధించి ఈ పక్షి జీవన విధానంలో గమనించవలసిన విషయాలు:

* తల, తోక పూర్తిగా తెల్లబడి సంతానోత్పత్తికి సిద్ధమగుటకు 4 నుండి 5 సంవత్సరాలు పట్టును. అందువలన ఏ కార్యక్రమమైనా ఫలితం చూపుటకు కనీసం అంతకాలం వేచి ఉండవలెను.
* సాధారణంగా 1 నుండి 3 గుడ్లు పెట్టును. పొదుగుటకు సుమారు 35 రోజులు పట్టును. పిల్లలు 10 నుండి 12 వారాలకు ఎగరగలుగును.
* ఒకే గూటిని ఏటేటా పుల్లలు చేర్చి వాడుకొనును. ఫ్లోరిడాలో 1963లో కొలిచిన ఒక గూడు వెడల్పు 2.9 మీటర్లు, లోతు 6 మీటర్లు. అందువలన ఒక చెట్టును కోల్పోవుట అనేక సంవత్సరాల స్థావరాన్ని కోల్పోవుటయే.
* పిల్లలు పెద్దవైన తరువాత తాము మొదట ఎగిరిన ప్రాంతానికి సమీపంలోనే గూడు కట్టుకొనును. పునఃప్రవేశ కార్యక్రమాలన్నీ ఈ స్వభావంపైనే ఆధారపడినవి.
* చేపలు ప్రధాన ఆహారం. చచ్చిన జంతువులను కూడా తినును. విషపదార్థాలు శరీరంలో చేరుటకు ఈ రెండూ మార్గాలే.

== క్షీణతకు కారణాలు ==

1782లో ఈ పక్షి అమెరికా రాజముద్రికలో చోటు సంపాదించినది. కాని గౌరవం కాగితంపైనే మిగిలినది. గొర్రెపిల్లలను, కోళ్ళను, సాల్మన్ చేపలను తినివేయునని రైతులు, మత్స్యకారులు వీటిని కాల్చి చంపేవారు. నదీ తీరాల వెంట పెద్ద చెట్లను నరుకుట వలన గూళ్ళకు తావు తగ్గినది. అప్పటికి ఇంకా రాష్ట్ర హోదా పొందని అలాస్కాలో 1917 నుండి 1953 వరకు చంపిన ప్రతి గ్రద్దకు ప్రభుత్వమే బహుమతి సొమ్ము చెల్లించినది. ఈ పథకం క్రింద లక్షకు పైగా పక్షులు చంపబడినవి. స్థానిక ప్రభుత్వ విధానమే ఒక జాతికి ఎంత చేటు చేయగలదో చెప్పుటకు ఇది తరచుగా చూపే ఉదాహరణ.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీ అనే కీటకనాశిని వాడకం విస్తరించినది. పొలాలలో, చిత్తడి నేలలలో చల్లిన మందు నీటిలో చేరి, చిన్న జీవుల నుండి చేపలకు, చేపల నుండి గ్రద్దలకు చేరినది. ఆహార గొలుసులో ఒక్కొక్క మెట్టు పైకి పోయినకొద్దీ దాని సాంద్రత పెరుగును. డీడీటీ విచ్ఛిన్నమై ఏర్పడే డీడీఈ అనే పదార్థం గుడ్డు పెంకులో కాల్షియం చేరుటను అడ్డుకొనును. ఫలితంగా పెంకు పలుచబడి, పొదుగుచున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోవును. పెద్ద పక్షులు ఆరోగ్యంగానే కనిపించుచుండగా పిల్లలు మాత్రం పుట్టకపోవుట వలన ఈ ప్రమాదం చాలాకాలం గుర్తింపునకు రాలేదు.

దీనిని ముందుగా గమనించిన వారిలో చార్లెస్ బ్రోలీ ఒకరు. కెనడాకు చెందిన ఈ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి 1939 నుండి ఫ్లోరిడాలో చెట్లెక్కి వేయికి పైగా గ్రద్ద పిల్లల కాళ్ళకు గుర్తింపు కడియాలు తొడిగెను. 1940 దశకం చివరి నుండి గూళ్ళు ఖాళీగా మిగులుచున్నట్లు ఆయన నమోదు చేసెను. 1962లో వెలువడిన రేచెల్ కార్సన్ గ్రంథం "సైలెంట్ స్ప్రింగ్" ఆయన పరిశీలనలను పాఠకలోకానికి తెలిపినది. 1972 చివరిలో అమెరికాలో డీడీటీ వాడకం దాదాపు పూర్తిగా నిషేధించబడినది.

== చట్టపరమైన నేపథ్యం ==

అమెరికాలో వన్యప్రాణుల నిర్వహణ సంప్రదాయంగా రాష్ట్రాల అధికారం. వలస పక్షులు, అంతరించిపోవుచున్న జాతుల విషయంలో మాత్రం సమాఖ్య చట్టాలకు పైచేయి ఉన్నది. గ్రద్దలకు వర్తించే ముఖ్య చట్టాలు ఇవి:

* '''గ్రద్దల రక్షణ చట్టం (1940)''': తెల్లతల గ్రద్దను చంపుట, పట్టుట, అమ్ముట, ఈకలు గాని గుడ్లు గాని దగ్గర ఉంచుకొనుట నేరము. 1962లో బంగారు గ్రద్ద (గోల్డెన్ ఈగిల్) కూడా దీని పరిధిలోకి వచ్చినది. గూడు కట్టిన పక్షులను "కలవరపరచుట" కూడా ఈ చట్టం క్రింద నేరమే.
* '''వలస పక్షుల ఒప్పంద చట్టం (1918)''': గ్రద్దలకు దీని రక్షణ 1972 నుండి లభించినది.
* '''అంతరించిపోవుచున్న జాతుల చట్టం (1973)''': ఇందులోని 6వ సెక్షను రాష్ట్రాలతో సహకార ఒప్పందాలకు, వాటికి నిధులిచ్చుటకు వీలు కల్పించినది. రాష్ట్రాల కార్యక్రమాలు ఊపందుకొనుటకు ఇది ముఖ్య ఆధారం.

1967లో దక్షిణ ప్రాంతపు తెల్లతల గ్రద్దలను, 1978లో 48 రాష్ట్రాలలోని మొత్తం సంతతిని జాబితాలో చేర్చిరి. వీటిలో 43 రాష్ట్రాలలో "అంతరించిపోవుచున్న" స్థాయి, మిషిగన్, మిన్నెసోటా, విస్కాన్సిన్, ఆరెగన్, వాషింగ్టన్ అను 5 రాష్ట్రాలలో "ముప్పు పొంచి ఉన్న" స్థాయి ప్రకటించబడినవి. దేశాన్ని ఐదు పునరుద్ధరణ ప్రాంతాలుగా విభజించి, ప్రతి ప్రాంతానికి వేరు లక్ష్యాలు నిర్ణయించిరి.

సమాఖ్య జాబితా కాక, చాలా రాష్ట్రాలకు తమ స్వంత జాబితాలు కలవు. సమాఖ్య జాబితా నుండి తొలగించిన పక్షి రాష్ట్ర జాబితాలో కొనసాగవచ్చును. రాష్ట్రం సమాఖ్య చట్టం కంటె కఠినమైన నియమం పెట్టవచ్చును గాని, దానిని సడలించుటకు వీలు లేదు.

నిధుల విషయంలో రాష్ట్రాలు చాలాకాలం ఇబ్బంది పడినవి. వన్యప్రాణి శాఖల ఆదాయం ప్రధానంగా వేట లైసెన్సుల నుండి, 1937 చట్టం ద్వారా ఆయుధాలపై విధించిన పన్ను నుండి వచ్చేది. వేటాడకూడని గ్రద్ద వంటి పక్షికి అందులో వాటా తక్కువ. 1977లో కొలరాడో రాష్ట్రం ఆదాయపు పన్ను పత్రంలోనే వన్యప్రాణులకు విరాళం ఇచ్చే గడిని చేర్చినది. ఇతర రాష్ట్రాలు ఈ పద్ధతిని అనుసరించినవి.

== రాష్ట్రాల అనుభవాలు ==

=== న్యూయార్క్ ===

1976 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలో తెలిసిన జంట ఒక్కటే మిగిలినది. అదియు పిల్లలను పొందలేకపోవుచున్నది. ఆ సంవత్సరమే రాష్ట్ర పర్యావరణ శాఖ, పీటర్ నై అనే జీవశాస్త్రవేత్త ఆధ్వర్యంలో, '''హాకింగ్''' అనే పద్ధతిని చేపట్టినది. డేగల వేటగాళ్ళు పూర్వం నుండి వాడుచున్న పద్ధతి ఇది. ఇతర ప్రాంతాల గూళ్ళ నుండి ఇంకా ఎగరలేని పిల్లలను తెచ్చి, నీటి అంచున ఎత్తైన మంచెపై కట్టిన పంజరంలో ఉంచి, మనిషి కనబడకుండ ఆహారం అందింతురు. మనిషికి అలవాటు పడిన పక్షి అడవిలో బ్రతుకజాలదు కనుక ఈ జాగ్రత్త అవసరము. రెక్కలు వచ్చిన తరువాత పంజరం తెరచి వదలుదురు. ఆ పిల్ల ఆ నీటినే తన పుట్టినచోటుగా గుర్తుంచుకొనును.

1976 నుండి 1988 వరకు 198 పిల్లలను ఈ విధంగా విడిచిరి. వీటిలో అధిక భాగం గ్రద్దలు సమృద్ధిగా ఉన్న అలాస్కా నుండి తెచ్చినవి. ఒకప్పుడు బహుమతి కొరకు వీటిని చంపించిన ప్రాంతమే తరువాత ఇతర రాష్ట్రాలకు విత్తనం అందించినది. 1980లో ఇట్లు విడిచిన పక్షులు జంట కట్టి పిల్లలను పెంచినవి. పది జంటల లక్ష్యం 1989లో నెరవేరగా కార్యక్రమం ముగించబడినది. 2010 నాటికి జంటల సంఖ్య 170 దాటినది.

ఈ కార్యక్రమంలో 1977లో మిన్నెసోటా నుండి తెచ్చి మాంటెజూమా శరణాలయంలో విడిచిన ఒక మగ పక్షి తరువాత రాష్ట్రంలోని ఆ ఒక్క పాత గూడు ఉన్న హెమ్లాక్ సరస్సుకు చేరి, ఏళ్ళ తరబడి పిల్లలను పెంచినది. 2015లో రోడ్డుపై వాహనం ఢీకొని మరణించినపుడు కాలి కడియం ఆధారంగా దాని వయస్సు 38 సంవత్సరాలని తేలినది. అప్పటికి కడియం తొడిగిన తెల్లతల గ్రద్దలలో ఇదే అత్యధిక వయస్సు.

=== న్యూజెర్సీ ===

1970 దశకం నుండి 1980 దశకం మొదటి వరకు రాష్ట్రం మొత్తానికి కంబర్లాండ్ కౌంటీలోని బేర్ స్వాంప్ వద్ద ఒకే గూడు ఉండేది. పెంకులు పలుచగా ఉండి గుడ్లు ఏటా పగిలిపోయేవి. 1982 నుండి అధికారులు గుడ్లు పెట్టిన వెంటనే వాటిని తీసుకొనిపోయి మేరీల్యాండ్‌లోని పటుక్సెంట్ పరిశోధన కేంద్రంలో పొదిగించి, పుట్టిన పిల్లను కొద్ది వారాల వయస్సులో తిరిగి గూటిలో ఉంచిరి. అంతవరకు నకిలీ గుడ్లపై కూర్చున్న తల్లిదండ్రులు ఆ పిల్లను స్వీకరించి పెంచినవి. దీనితోపాటు కెనడా నుండి 60 పిల్లలను తెచ్చి హాకింగ్ పద్ధతిలో విడిచిరి. 2024 నాటికి రాష్ట్రంలో జంటల సంఖ్య సుమారు 300కు చేరినది. 2025 జనవరిలో న్యూజెర్సీ ఈ పక్షిని తన అంతరించిపోవుచున్న జాతుల జాబితా నుండి తొలగించినది.

=== పెన్సిల్వేనియా ===

1980లో ఈ రాష్ట్రంలో మూడు గూళ్ళు మాత్రమే మిగిలినవి. 1983లో రాష్ట్ర గేమ్ కమీషన్ సిబ్బంది కెనడాలోని సస్కాచువాన్‌కు పోయి, చెట్లెక్కి 12 పిల్లలను తెచ్చిరి. ఏడు సంవత్సరాలలో 88 పిల్లలను సస్క్వెహన్నా నదిలోని హాల్డిమన్ ద్వీపంలోను, పైక్ కౌంటీలోని షొహోలా వద్దను విడిచిరి. 2013 నాటికి గూళ్ళు 250 దాటినవి. 2014లో ఈ పక్షి రాష్ట్ర ముప్పు జాబితా నుండి తొలగించబడినది.

=== ఫ్లోరిడా, ఆగ్నేయ రాష్ట్రాలు ===

ఫ్లోరిడాలో గ్రద్దలు శీతకాలంలో గూడు కట్టును. అక్టోబరు 1 నుండి మే 15 వరకు గూళ్ళ కాలంగా పరిగణింతురు. క్షీణత కాలంలో కూడా ఇక్కడ చెప్పుకోదగిన సంతతి నిలిచి ఉండుటచే ఇతర రాష్ట్రాలకు ఇది ఆధారమైనది. గుడ్లు తొలి దశలోనే తీసివేసినచో జంట కొన్ని వారాలలో మరల గుడ్లు పెట్టును. ఈ స్వభావం ఆధారంగా ఒక్లహోమాలోని సటన్ పక్షి పరిశోధన కేంద్రం 1985 నుండి ఫ్లోరిడా గుడ్లను సేకరించి, పొదిగించి, 275 గ్రద్దలను ఒక్లహోమా, మిసిసిపీ, అలబామా, జార్జియా, ఉత్తర కరోలినా రాష్ట్రాలలో విడిచినది. ఇట్లు ఫ్లోరిడా సంతతికి పెద్దగా నష్టం లేకుండ ఐదు రాష్ట్రాలకు మేలు కలిగినది.

2008లో ఫ్లోరిడా తన జాబితా నుండి ఈ పక్షిని తొలగించి, అదే సమయంలో ప్రత్యేక నిర్వహణ ప్రణాళికను ఆమోదించినది. గూటికి 660 అడుగుల (సుమారు 200 మీటర్లు) లోపల నిర్మాణాలపై నియమాలు విధించినది. 2017లో రాష్ట్ర అనుమతి పత్రాన్ని రద్దు చేసి, సమాఖ్య అనుమతి ఒక్కటే చాలునని నిర్ణయించినది. 1992లో మొదలైన "ఈగిల్ వాచ్" కార్యక్రమం ద్వారా స్వచ్ఛంద కార్యకర్తలు గూళ్ళను పరిశీలించుచున్నారు.

=== వాషింగ్టన్ ===

వాయవ్య తీరంలోని ఈ రాష్ట్రంలో గూళ్ళలో అధిక భాగం ప్రైవేటు భూములలోనే ఉన్నవి. 1984లో రాష్ట్ర శాసనసభ చట్టం చేయగా, 1986లో నియమావళి వెలువడినది. గూడు ఉన్న స్థలంలో చెట్లు నరకదలచిన లేదా ఇల్లు కట్టదలచిన యజమాని వన్యప్రాణి శాఖతో కలసి స్థల నిర్వహణ ప్రణాళిక వ్రాసుకొనవలెను. ఏ చెట్టు ఉంచవలెను, ఏ నెలలలో పని ఆపవలెను అనునవి అందులో ఉండును. ఇట్టి ప్రణాళికలు వేయికి పైగా కుదిరినవి. సంతతి కోలుకొనిన తరువాత 2011లో ఈ నిబంధనను ఎత్తివేసిరి. శీతకాలంలో సాల్మన్ చేపల కొరకు గ్రద్దలు గుమిగూడే స్కాగిట్ నది తీరంలో 1976లో ప్రత్యేక సంరక్షణ ప్రాంతం ఏర్పాటయినది.

=== అరిజోనా ===

ఎడారి నదులైన సాల్ట్, వెర్డీ వెంట కొద్దిపాటి సంతతి కొండ చరియలపైన, చెట్లపైన గూడు కట్టును. ఫీనిక్స్ నగర వాసులు పడవ విహారానికి, చేపలు పట్టుటకు వచ్చే ప్రాంతాలే ఇవి. 1978లో ఇక్కడ గూళ్ళ కాపలా కార్యక్రమం ప్రారంభమైనది. కాపలాదారులు గూటికి దూరంగా మకాం వేసి, పక్షుల ప్రవర్తనను నమోదు చేయుచు, దగ్గరకు వచ్చేవారికి నచ్చచెప్పి పంపుదురు. గాలపు దారం చుట్టుకొన్న పిల్లలను, గూటి నుండి పడిన పిల్లలను వీరి సమాచారంతో రక్షించుచున్నారు.

=== ఇతర రాష్ట్రాలు ===

కాలిఫోర్నియా తీరంలోని చానెల్ దీవులలో డీడీటీ కర్మాగారం వ్యర్థాలు సముద్రంలో కలియుట వలన గ్రద్దలు పూర్తిగా కనుమరుగైనవి. 2002-2006 మధ్య సాంతాక్రూజ్ దీవిలో 61 పిల్లలను విడువగా, 2006లో 50 ఏళ్ళ తరువాత తొలిసారిగా అక్కడ సహజంగా గుడ్లు పొదగబడినవి. 48 రాష్ట్రాలలో అందరికంటె చివర కోలుకొన్నది వెర్మాంట్. అక్కడ 2008లో తొలి విజయవంతమైన గూడు నమోదు కాగా, 2022లో రాష్ట్ర జాబితా నుండి తొలగించిరి.

== నిర్వహణ పద్ధతులు ==

రాష్ట్రాల ప్రణాళికలలో సాధారణంగా కనిపించే అంశాలు:

; గూటి చుట్టూ రక్షణ వలయం : 2007 నాటి సమాఖ్య మార్గదర్శకాల ప్రకారం పని స్వభావాన్ని బట్టి 330 లేదా 660 అడుగుల దూరం పాటించవలెను. పేలుళ్ళ వంటి పెద్ద శబ్దాలకు అర మైలు దూరం సూచించబడినది. పని గూటి నుండి కనిపించునా లేదా, అచ్చట అట్టి పనులు ముందునుండి జరుగుచున్నవా అనునవి కూడా పరిగణింతురు.
; కాలపరమైన ఆంక్షలు : గుడ్లు పెట్టి పొదిగే దినాలలో జంట కలవరపడి లేచిపోయినచో గుడ్లు చల్లబడి చెడిపోవును. కనుక ఆ నెలలలో మాత్రం చెట్ల నరికివేత, నిర్మాణాలు ఆపుదురు. మిగిలిన కాలంలో వెసులుబాటు ఎక్కువ.
; విశ్రాంతి స్థలాల రక్షణ : శీతకాలంలో గడ్డకట్టని నీటి వద్ద, ముఖ్యంగా ఆనకట్టల దిగువన, గ్రద్దలు వందల సంఖ్యలో చేరును. రాత్రి బస చేసే పెద్ద చెట్లను, వేటకు కూర్చునే కొమ్మలను కాపాడుట అవసరము.
; విద్యుత్ స్తంభాల మార్పు : పెద్ద రెక్కలు ఒకేసారి రెండు తీగలను తాకినచో పక్షి మరణించును. తీగల మధ్య సుమారు 150 సెంటీమీటర్ల ఎడం ఉంచుట లేదా తొడుగులు వేయుట పరిష్కారం.
; చికిత్సా కేంద్రాలు : మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1974లో మొదలైన రాప్టర్ సెంటర్ వంటివి గాయపడిన పక్షులకు చికిత్స చేయుచు, విషప్రయోగ సంఘటనలను ముందుగా పసిగట్టుచున్నవి.
; మృతదేహాల సేకరణ : చనిపోయిన గ్రద్దలను, ఈకలను కొలరాడోలోని జాతీయ గ్రద్దల భాండాగారానికి పంపవలెను. అక్కడి నుండి మతపరమైన వినియోగానికై నమోదైన ఆదిమ తెగల సభ్యులకు అందజేయుదురు.

== లెక్కింపు ==

తొలి రోజులలో రాష్ట్ర సిబ్బంది చిన్న విమానాలలో తిరిగి తెలిసిన ప్రతి గూటిని ఏటా రెండుసార్లు చూచేవారు. మొదటిసారి గూటిలో పక్షులు కూర్చున్నవా అని, రెండవసారి పిల్లలు ఎన్ని అని నమోదు చేసేవారు. 1979 నుండి దేశవ్యాప్తంగా శీతకాలపు లెక్కింపు కూడా జరిగినది. 2007లో తొలగింపు నాటికి 48 రాష్ట్రాలలో 9,789 జంటలు ఉన్నట్లు రాష్ట్రాల లెక్కలను కూడి తేల్చిరి. అందులో మిన్నెసోటా (1,312), ఫ్లోరిడా (1,133), విస్కాన్సిన్ (1,065) మొదటి మూడు స్థానాలలో ఉన్నవి.

సంఖ్య పెరిగినకొద్దీ ప్రతి గూటినీ చూచుట అసాధ్యమైనది. తెలిసిన గూళ్ళను మాత్రమే లెక్కించినచో కొత్తవి లెక్కకు రావు. అందువలన తొలగింపు అనంతర పర్యవేక్షణలో రెండు విధానాలను కలిపిరి. రాష్ట్రాల గూళ్ళ పట్టిక నుండి ఒక నమూనాను, యాదృచ్ఛికంగా ఎంచుకొన్న భూఖండాల నుండి మరొక నమూనాను పరిశీలించి, పట్టికలో లేని గూళ్ళు ఎన్ని ఉండవచ్చునో గణితరీత్యా అంచనా వేయుదురు. 2009కి, 2018-19కి మధ్య అంచనాలో కనిపించిన భారీ పెరుగుదలకు సంతతి వృద్ధి ప్రధాన కారణం కాగా, పక్షుల సంఖ్యను లెక్కగట్టుటకు పౌరులు నమోదు చేసిన పరిశీలనలను కూడా చేర్చుట గమనింపదగినది. కనుక వేర్వేరు కాలాల సంఖ్యలను పోల్చునపుడు లెక్కించిన పద్ధతిని కూడా చూడవలెను.

== జాబితా నుండి తొలగింపు, వివాదాలు ==

1995లో ఈ పక్షి "అంతరించిపోవుచున్న" స్థాయి నుండి "ముప్పు పొంచి ఉన్న" స్థాయికి మార్చబడినది. 1999లో పూర్తి తొలగింపు ప్రతిపాదించబడినను ఏళ్ళ తరబడి నిర్ణయం వెలువడలేదు. మిన్నెసోటాలో సరస్సు ఒడ్డున స్థలం గల ఒక భూ యజమాని, గూడు కారణంగా తన భూమిని వినియోగించుకోలేకపోవుచున్నానని దావా వేయగా, 2006లో న్యాయస్థానం గడువు విధించినది. 2007 జూన్ 28న తొలగింపు ప్రకటించబడి ఆగస్టు 8న అమలులోకి వచ్చినది. తొలగింపు తరువాత కూడా 1940 చట్టం యథాతథంగా వర్తించుట వలన భూ యజమానుల బాధ్యతలు పూర్తిగా తొలగిపోలేదు.

ఆ తరువాతి వివాదాలలో ముఖ్యమైనవి:

* '''అనుమతుల కాలపరిమితి''': గాలిమరలు, విద్యుత్ తీగల వలన ఉద్దేశం లేకుండ కలిగే మరణాలకు అనుమతి ఇచ్చే నియమం 2009లో వచ్చినది. 2013లో దాని కాలపరిమితిని 30 సంవత్సరాలకు పెంచగా 2015లో న్యాయస్థానం కొట్టివేసినది. 2016లో కొత్త నియమం, 2024లో సరళీకరించిన సాధారణ అనుమతుల విధానం వెలువడినవి. తెల్లతల గ్రద్దలు ఈ నష్టాన్ని తట్టుకొనగలవు. సంఖ్య తక్కువగా ఉండి, నెమ్మదిగా వృద్ధి చెందే బంగారు గ్రద్దల విషయంలో మాత్రం ఆందోళన అధికము.
* '''ప్రాంతీయ సంతతుల హోదా''': అరిజోనా ఎడారి గ్రద్దలను ప్రత్యేక సంతతిగా గుర్తించి జాబితాలో ఉంచవలెనని సంస్థలు కోరినవి. అనేక వ్యాజ్యాల తరువాత సమాఖ్య సంస్థ ఆ కోరికను తిరస్కరించినది. దేశమంతటా క్షేమంగా ఉన్న జాతి ఒక రాష్ట్రంలో దుర్బలంగా ఉండవచ్చునా, అట్లయిన దాని బాధ్యత ఎవరిది అను ప్రశ్నను ఈ వివాదం ముందుకు తెచ్చినది.
* '''విజయం తెచ్చిన ఇబ్బందులు''': ఆరుబయట కోళ్ళు పెంచే రైతులకు నష్టం కలుగుచున్నది. ఆరెగన్‌లో మర్ పక్షుల కాలనీలు, మెయిన్‌లో నీటికాకుల కాలనీలు గ్రద్దల దాడులకు గురియగుచున్నవి. ఒక జాతిని కాపాడిన శాఖయే దాని వలన నష్టపోవు మరొక జాతిని కూడా కాపాడవలసి వచ్చుచున్నది.

== ప్రస్తుత ప్రమాదాలు ==

'''సీసం''': వేటగాళ్ళు జింకను కొట్టి, పేగులను అడవిలో వదలిపోవుదురు. వాటిలో చిందిన సీసపు తూటా తునకలను గ్రద్దలు మాంసంతో మ్రింగును. 38 రాష్ట్రాల నుండి 1,210 గ్రద్దలను పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం పక్షులలో దీర్ఘకాలిక సీసపు విషం కనబడినది. దీని వలన తెల్లతల గ్రద్దల వార్షిక వృద్ధి సుమారు 4 శాతం, బంగారు గ్రద్దల వృద్ధి సుమారు 1 శాతం మేర తగ్గుచున్నట్లు అంచనా వేసిరి. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళు 1991 నుండి దేశమంతటా నిషిద్ధం. ఇతర వేటకు ఈ నిషేధం వర్తించదు. కాలిఫోర్నియా మాత్రం 2019 జూలై నుండి అన్ని రకాల వేటలోను సీసపు తూటాలను నిషేధించినది. కొన్ని రాష్ట్రాలు నిషేధానికి బదులు రాగి తూటాలపై ప్రచారాన్ని ఎంచుకొన్నవి.

'''నాచు మొక్క విషం''': 1994-95 శీతకాలంలో అర్కన్సా రాష్ట్రంలోని డిగ్రే సరస్సు వద్ద 29 గ్రద్దలు మెదడు వ్యాధితో మరణించినవి. కారణం తెలియుటకు పాతికేళ్ళు పట్టినది. హైడ్రిల్లా అనే నీటిమొక్కపై పెరిగే ఒక సయనోబాక్టీరియా, బ్రోమైడు ఉన్న నీటిలో విషాన్ని తయారుచేయునని 2021లో నిరూపించబడినది. ఆ మొక్కను తిన్న నీటికోళ్ళు రోగగ్రస్తం కాగా, వాటిని తిన్న గ్రద్దలకు విషం చేరును. కనుక ఇచ్చట గ్రద్దల సంరక్షణ అనగా సరస్సులలో కలుపు నివారణయే.

'''బర్డ్ ఫ్లూ''': 2022లో వ్యాపించిన హెచ్5ఎన్1 వైరస్ వలన జార్జియా తీరంలో సగం కంటె తక్కువ గూళ్ళలోనే పిల్లలు ఎగిరే దశకు చేరినవి. పెద్ద పక్షులు మరణించుట సంతతికి దీర్ఘకాలిక నష్టం.

ఇవికాక వాహనాలు ఢీకొనుట, ఎలుకల మందు, అక్రమంగా కాల్చుట, తీరభూములలో ఇండ్ల నిర్మాణం కొనసాగుచున్న ప్రమాదాలు.

== కాలక్రమం ==

* 1782 - రాజముద్రికలో తెల్లతల గ్రద్ద
* 1917 - అలాస్కాలో బహుమతి పథకం ప్రారంభం (1953 వరకు)
* 1940 - తెల్లతల గ్రద్దల రక్షణ చట్టం
* 1963 - 48 రాష్ట్రాలలో 500 కంటె తక్కువ జంటలు
* 1972 - డీడీటీ నిషేధం
* 1976 - న్యూయార్క్‌లో హాకింగ్ కార్యక్రమం ప్రారంభం
* 1978 - 43 రాష్ట్రాలలో "అంతరించిపోవుచున్న" హోదా. అరిజోనాలో గూళ్ళ కాపలా
* 1995 - "ముప్పు పొంచి ఉన్న" స్థాయికి మార్పు
* 2007 - సమాఖ్య జాబితా నుండి తొలగింపు
* 2021 - 3,16,700 పక్షుల అంచనా ప్రకటన
* 2024 - డిసెంబరులో చట్టం ద్వారా అధికారికంగా జాతీయ పక్షిగా గుర్తింపు

== ఇవి కూడా చూడండి ==

* గరుడ పక్షి
* రాబందు
* డీడీటీ
* రేచెల్ కార్సన్
* ఆహార గొలుసు